ఇంజను పని చేయించి బిగించాం, సెల్ఫ్ కొడితే ఆయిల్ ప్రెషర్ రావట్లేదు

కొబ్బరితోట (ముమ్మిడివరం)
అందరికీ నమస్కారమండి. మాది సింప్సన్ మూడు సిలిండర్ల ఇంజను ఉన్న పాత ట్రాక్టరు. మొన్నటి దాళ్వా కోతల్లో పొగ ఎక్కువైంది, ఆయిల్ తాగేస్తోందని విప్పించాం. లైనర్లు, పిస్టన్లు, రింగులు కొత్తవి. క్రాంకు గ్రైండింగ్ చేయించి అండర్‌సైజు బేరింగులు వేశారు. వర్క్‌షాపు నుంచి వచ్చాక రేడియేటర్ పని మిగిలిపోయి నెలపైనే షెడ్డులో ఉండిపోయింది.
నిన్న కొత్త ఫిల్టరు వేసి, 15డబ్ల్యూ40 ఆయిల్ మ్యాక్స్ గీత దాకా పోసి, స్టాప్ లాగి పెట్టి సెల్ఫ్ కొట్టాం. గేజి ముల్లు జీరో మీంచి కదల్లేదు. ఆగి ఆగి కొట్టినా అంతే. మా ఊరి మెకానిక్ "స్టార్ట్ చేసెయ్యండి, స్పీడందుకుంటే అదే వస్తది" అంటున్నాడు. నాకు ధైర్యం చాలట్లేదు. జూన్‌లో కాలవలకి నీళ్ళొదిలితే సార్వా దమ్ముకి దిగాలి. టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

ఉండి జనరేటర్ (ఉండి)
స్టార్ట్ చెయ్యకండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం, ముందు అదొక్కటి.
గేజి ఏ రకం? సన్న గొట్టం వచ్చే ఆయిల్ గేజా, వైరు వచ్చే కరెంటు గేజా? ఫిల్టరు ఖాళీగానే బిగించారా?

కొబ్బరితోట
గొట్టం గేజేనండి. పక్కన ఎర్ర లైటు కూడా ఉంది, అదీ ఆరలేదు. ఫిల్టరు ఖాళీగానే వేశాడు.

బుల్లెట్ బాబీ (రావులపాలెం)
యూట్యూబ్‌లో చూశానన్నా, డ్రిల్ మిషన్ పెట్టి ఆయిల్ పంపు ఒక్కటే తిప్పుతారు. ఇంజను తిరక్కుండానే ప్రెషర్ వచ్చేస్తది. సూపర్ ఉంది. మీరూ అలా చేసెయ్యొచ్చుగా?

పెద్ద మేస్త్రి (తణుకు)
బాబూ, నువ్వు చూసింది అమెరికా వాళ్ళ షెవర్లే వీ8 పెట్రోలు ఇంజను. దానికి ఆయిల్ పంపుని డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ తిప్పుతుంది. డిస్ట్రిబ్యూటర్ పీకేసి ఆ కన్నంలోంచి కడ్డీ దింపితే పంపు అందుతుంది కాబట్టి వాళ్ళ ఆట సాగుతుంది. ఈ సింప్సన్ పెర్కిన్స్ డిజైను. పంపు ముందు వైపు మెయిన్ క్యాప్ దగ్గర, ఛాంబర్ (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) లోపల ఉంటుంది. క్రాంకు గేరు నుంచి ఐడ్లర్ గేరు, దాన్నుంచి పంపు. క్రాంకు తిరగందే పంపు తిరగదు. డ్రిల్ ఎక్కడ పెడతావు?
ముమ్మిడివరం తమ్ముడూ, కంగారు పడకు. నలభై ఏళ్ళ నుంచి ఇంజన్లు బిగిస్తున్నాను. ఇంజెక్టర్లు మూడూ తీసెయ్. కంప్రెషన్ ఉండదు కాబట్టి సెల్ఫ్ జోరుగా తిప్పుతుంది, బేరింగుల మీద బరువు పడదు. కన్నాల మీద గుడ్డ కప్పు, లేకపోతే బోర్లో పోసిన ఆయిల్ నీ మొహాన కొడుతుంది. పది పదిహేను సెకన్లు కొట్టు, రెండు నిమిషాలు ఆపు. సెల్ఫ్ మోటారు కాలకూడదు. మళ్ళీ బిగించేటప్పుడు ఇంజెక్టర్ల కింద రాగి వాషర్లు కొత్తవి వెయ్యి.
ఇంకొకటి. ఎఫ్‌ఐపీ (డీజిల్ కొట్టే పంపు) రోటరీ రకం అయితే డీజిల్ ట్యాంకు కాక్ కట్టేసి సెల్ఫ్ కొట్టకు. ఆ పంపుకి లోపల డీజిలే లూబ్రికేషను, ఎండితే గీసుకుంటుంది. కాక్ తెరిచే ఉంచి స్టాప్ లాగి పెట్టు.

కొబ్బరితోట
అలాగే మేస్త్రి గారూ. మాది రోటరీయే. కాక్ తెరిచే ఉందండి.

కాకినాడ లెక్చరర్ (కాకినాడ)
మేస్త్రి గారు చెప్పింది సరైన పద్ధతే. అయితే "స్పీడందుకుంటే అదే వస్తది" అన్నవాళ్ళ కోసం కొంచెం వివరంగా రాస్తాను.
బేరింగులో క్రాంకుని పైకెత్తి ఉంచేది పంపు ప్రెషర్ అని చాలామంది అనుకుంటారు. కాదు. జర్నల్, అంటే క్రాంకులో బేరింగు పట్టే భాగం, తిరుగుతూ తన ఒంటికి అంటుకున్న ఆయిల్‌ని ఇరుకు వైపుకి ఈడ్చుకెళ్తుంది. అక్కడ పుట్టే ఒత్తిడి పంపు ప్రెషర్‌కి ఎన్నో రెట్లు. బరువు మోసేది అదే. పంపు చేసే పని ఆ సందుకి ఆయిల్ అందిస్తూ ఉండటం, వేడిని బయటికి తీసుకుపోవటం. ఆయిలే అందకపోతే ఈడ్చుకెళ్ళడానికి ఏమీ ఉండదు. సెల్ఫ్ మీద నింపాదిగా తిరిగేటప్పుడు బిగింపులో రాసిన ఆయిల్ కాస్త కాపాడుతుంది. డీజిల్ మండి పిస్టన్ మీద దెబ్బ పడితే ఆ పల్చటి పొర నిలవదు. కొత్త బేరింగు పాడవడానికి నిమిషాలు అక్కర్లేదు.
గేజి గురించి కూడా ఒక మాట. గేజి చూపించేది ఎంత ఆయిల్ పారుతోందని కాదు, పారే ఆయిల్‌కి ఎంత అడ్డు తగులుతోందని. బేరింగు సందు రెట్టింపైతే అందులోంచి కారిపోయే ఆయిల్ సుమారు ఎనిమిది రెట్లవుతుంది. అందుకే క్రాంకు గ్రైండింగ్‌లో కొంచెం ఎక్కువ కోసేసినా, బేరింగు సైజు తేడా వచ్చినా పంపు బాగున్నా ముల్లు లేవదు.

పెద్ద మేస్త్రి
లెక్చరర్ గారూ, బేరింగులు బిగించేటప్పుడు ఆయిల్ దండిగా పోస్తాంగా. పొడిగా ఎవడు బిగిస్తాడు?

కాకినాడ లెక్చరర్
పోస్తారండి. కానీ నెల రోజులు షెడ్డులో నిలబడితే మామూలు ఇంజనాయిల్ చాలావరకు ఛాంబర్‌లోకి జారిపోతుంది. అసెంబ్లీ లూబ్ అని చిక్కటిది దొరుకుతుంది, అదైతే అంటుకుని ఉంటుంది. వెంటనే స్టార్ట్ చేయని ఇంజనుకి అది వాడటం మంచిది.

ఉండి జనరేటర్
నెల రోజుల సంగతి లెక్చరర్ గారు చెప్పాక నా వైపు జరిగింది చెప్పాలి. మా దగ్గర రొయ్యల చెరువులకి ఏరియేటర్లు తిప్పే జనరేటర్లే పని. ఒక చెరువు ఆసామి జనరేటర్ ఇంజను బయట ఎక్కడో చేయించి తెచ్చి గట్టు మీద స్టాండ్‌బైలో పెట్టారు. వారాల తరబడి ముట్టుకోలేదు. ఒక రాత్రి కరెంటు పోయింది. చెరువులో ఆక్సిజన్ పడిపోతుంటే ఎవరు ఆగుతారు? నేరుగా స్టార్ట్ చేసి లోడు పెట్టారు. తెల్లారేలోపు బిగెండ్ (కనెక్టింగ్ రాడ్ క్రాంకుని పట్టే చోటు) బేరింగు పట్టేసింది. విప్పి చూస్తే క్రాంకు మీద బేరింగు రేకు కరిగి అతుక్కుని ఉంది, టర్బో షాఫ్టు నీలంగా మాడిపోయింది. టర్బో ఉన్న ఇంజనుకైతే ఆయిల్ వచ్చే పైపు ఊడదీసి టర్బోలోకి కూడా చేత్తో ఆయిల్ పోసి తిప్పాలి.
కొబ్బరితోట గారూ, సెల్ఫ్ మళ్ళీ కొట్టే ముందు రెండు పనులు చెయ్యండి. ఫిల్టరు విప్పి ఆయిల్ నింపండి. మధ్యలో ఉన్న పెద్ద కన్నంలో పోయకండి, అది శుభ్రమైన ఆయిల్ బయటికెళ్ళే దారి. చుట్టూ ఉన్న చిన్న కన్నాల్లోంచి పోస్తే కాగితం గుండా వడకట్టుకుని లోపలికెళ్తుంది. నెమ్మదిగా పీలుస్తుంది, ఓపిక పట్టాలి. రెండోది, గేజి వెనక నట్టు కొంచెం వదులు చెయ్యండి. ఆ సన్న గొట్టంలో గాలి నిలిచిపోయినా ముల్లు ఆలస్యంగా లేస్తుంది. అక్కడ ఆయిల్ చుక్క కనబడితే గేజిని నమ్మొచ్చు.
ఎర్ర లైటుని మాత్రం లెక్కలోకి తీసుకోకండి. అర కేజీ (చదరపు సెంటీమీటరుకి) ప్రెషర్ రాకముందే ఆరిపోయే స్విచ్చులే ఎక్కువ.

బుల్లెట్ బాబీ
మరి బుల్లెట్‌కి ఎలా చెయ్యాలన్నా? మా పాత క్యాస్ట్ ఐరన్ ఇంజను విప్పాం.

పెద్ద మేస్త్రి
ఆగవయ్యా. ముందు ఆయన ట్రాక్టర్ తేలనీ.

కొబ్బరితోట
పొద్దున్నే చేశామండి. ఫిల్టరు నింపాం, ఇంజెక్టర్లు తీసేశాం, బ్యాటరీ మా బాబాయ్ గారి లారీది తెచ్చి పెట్టాం. సెల్ఫ్ భలే తిరిగింది. గేజి వెనక నట్టు దగ్గర చుక్క కూడా రాలేదు. రాకర్ కవర్ తీసి చూస్తే రాకర్లు పొడిగానే ఉన్నాయి. మెకానిక్ మళ్ళీ అదే పాట, ఆయిల్ పంపులో గ్రీజు కూరి బిగిస్తే లాగుతుందట. ఛాంబర్ దింపుతానంటున్నాడు.

పడవ సరంగు (నరసాపురం)
గ్రీజు వద్దండీ బాబూ. మాది సఖినేటిపల్లి రేవు వైపు పడవ ఇంజన్ల పని. గేరు పంపు పొడిగా ఉంటే పీల్చుకోదు అన్నది నిజమే. పళ్ళకీ గోడకీ మధ్య సందులో ఆయిల్ ఉంటేనే గాలి అందులోంచి జారిపోకుండా బిగుతుగా ఉంటుంది. కానీ చాసిస్ గ్రీజు ఆయిల్లో కరగదు, ముద్దలుగా వెళ్ళి ఫిల్టర్లోనో, సన్నటి దారిలోనో కూర్చుంటుంది. పెట్టాల్సింది వాసెలిన్, సువాసన లేని మామూలు పెట్రోలియం జెల్లీ. వేడికి కరిగి ఆయిల్లో కలిసిపోతుంది.
ఛాంబర్ దింపడం తొందరపాటు. మీ ట్రాక్టర్లో అది పోత ఇనుముది, ముందు భాగానికి ఊతం పెట్టకుండా ముట్టుకోకూడదు. దించకముందే జబ్బు ఎటువైపు ఉందో తెలుసుకునే దారుంది.
మేము చేసేది చెప్తాను. ఇంజను బ్లాకు మీద ఆయిల్ గేజి గొట్టం వచ్చి బిగిసే చోటు ఉంది కదా, అది మెయిన్ గ్యాలరీకే, అంటే బేరింగులన్నిటికీ ఆయిల్ పంచే దారికే, తెరుచుకుంటుంది. గొట్టం విప్పి అక్కడ నిపుల్ బిగించి బయటి నుంచి ఒత్తిడితో ఆయిల్ పంపిస్తాం. దారం చాలా ఇంజన్లకి ఎనిమిదోవంతు అంగుళందే, హైడ్రాలిక్ షాపులో నిపుల్ దొరుకుతుంది. మా దగ్గర రెగ్యులేటర్ పెట్టిన ఇనుప డబ్బా ఉంది. రైతుకి అంత అక్కర్లేదు, చేత్తో గాలి కొట్టే స్ప్రేయర్ చాలు. కానీ కొత్తది కొనాలి. మందు కొట్టినది ఎంత కడిగినా దాని అడుగున ఏదో ఒకటి మిగులుతుంది, అది మీ కొత్త బేరింగుల్లోకి పోతుంది. ముందున్న నాజిల్ పీకేసి మందపాటి గొట్టం వెయ్యండి. మే ఎండలో ఆయిల్ డబ్బాని గంటసేపు పెడితే పల్చబడి సులువుగా పారుతుంది. కంప్రెసర్ గాలిని మాత్రం ప్లాస్టిక్ స్ప్రేయర్‌కి తగిలించకండి. పగిలితే మొహం పోతుంది.
రెండు కేజీలు కొట్టి ఉంచి, రాకర్ కవర్ తీసి, ఇంకొకళ్ళని క్రాంకు పుల్లీ నట్టుకి పానా వేసి కొంచెం కొంచెంగా తిప్పమనండి. రెండు పూర్తి చుట్లు తిప్పాలి. క్రాంకులో కన్నాలు ఒక్కో చోట ఒక్కో బిగెండ్‌కి ఎదురవుతాయి. రాకర్లకి ఆయిల్ క్యామ్ బేరింగు గుండా వెళ్తుంది, ఆ కన్నాలు ఎదురెదురుగా వచ్చినప్పుడే పైకొస్తుంది. ఒకే చోట నిలబెట్టి "రావట్లేదు" అనుకోకూడదు.

పెద్ద మేస్త్రి
పడవల వాళ్ళకి ఓపికెక్కువ. ఆ స్ప్రేయర్ బేరం అదీ అయ్యేలోపు నేను ఛాంబర్ దింపి ఎక్కించేస్తాను.

పడవ సరంగు
మీరు దింపుతారు మేస్త్రి గారూ. మాకు నది మధ్యలో ఇంజను ఆగితే దింపడానికి నేల ఉండదు. అందుకే ముందే చూసుకోవడం అలవాటు.

లంకరైతు (పి.గన్నవరం)
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. 2022 జులై వరదలో మా లంకలో 5 హెచ్‌పీ నీటి ఇంజను మునిగి ఇన్నాళ్ళూ మూల పడుంది. ఇప్పుడు విప్పించా. దీనికీ ఇదే పద్ధతా?

పడవ సరంగు
ఒంటి సిలిండర్ ఇంజనైతే మీది సులువు. డీకంప్రెషన్ లివర్ ఎత్తి పెట్టి, డీజిల్ కట్ చేసి, హ్యాండిల్‌తో తిప్పుతూ ఉండండి, రాకర్ దగ్గర ఆయిల్ కనబడేదాకా. కొన్ని పాత ఇంజన్లకి అసలు పంపే ఉండదు, కనెక్టింగ్ రాడ్ అడుగున ఉన్న చెంచా ఆయిల్‌ని ఎగజిమ్ముతుంది. అలాంటిదైతే బిగించేటప్పుడు చేత్తో పోసిందే ఆధారం.
కానీ మునిగిన ఇంజను అన్నారు కాబట్టి ఇంకో మాట. గోదారి వండ్రు మెత్తగా పిండిలా ఉంటుంది, ఆయిల్ దారుల్లో పేరుకుని ఎండిపోతుంది. గ్యాలరీ చివర్ల ప్లగ్గులు విప్పించి, సన్న బ్రష్ దూర్చి, డీజిల్‌తో కడిగి, గాలి కొట్టించారా? క్రాంకు కన్నాలు కూడా. అది చెయ్యకపోతే ఎంత ప్రెషర్ ఎక్కించినా ఆ మట్టినే బేరింగుల్లోకి తోసినట్టు.

లంకరైతు
క్రాంకు కడిగారు, ప్లగ్గులు విప్పలేదు. విప్పిస్తాను. ఆయ్, మంచి మాట చెప్పారండి.

కొబ్బరితోట
స్ప్రేయర్ పద్ధతి అయిందండి. నిపుల్ అమలాపురంలో దొరికింది. మా తమ్ముడు పానా తిప్పాడు, నేను పైన చూస్తున్నా. మొదట స్ప్రేయర్ ముల్లు ఒక్కసారిగా పడిపోయింది, గ్యాలరీ నిండటానికి కాబోలు. మళ్ళీ కొట్టాక నిలబడింది, నెమ్మదిగా తగ్గుతోంది అంతే. కొంచెం తిప్పగానే మధ్య రాకర్ దగ్గర ఆయిల్ ఊరి, పుష్‌రాడ్ల మీదుగా కిందికి జారింది. చూసి ఎంత ఆనందం వేసిందో. ఆయిల్ గేజి గొట్టాన్ని కూడా స్ప్రేయర్‌కి తగిలించి చూశాం, ముల్లు చక్కగా లేచింది.
అంతా బిగించి సెల్ఫ్ కొడితే మళ్ళీ జీరో! ఇప్పుడేం చెయ్యాలి?

కాకినాడ లెక్చరర్
మంచి వార్తే ఇది. మీకు తెలియకుండానే సగం పరీక్షలు అయిపోయాయి.
బయటి ఆయిల్‌కి ప్రెషర్ నిలబడింది. అంటే బేరింగుల సందులు ఎక్కువ లేవు, గ్యాలరీ ప్లగ్గు ఏదీ మర్చిపోలేదు. ఎక్కువైన ప్రెషర్‌ని వదిలే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉంటే మీరు కొట్టిన ఆయిల్ దాని గుండా ఛాంబర్‌లోకి పోయేది, ముల్లు నిలిచేది కాదు. కాబట్టి అదీ కాకపోవచ్చు. గేజి బాగుంది. పంపు పొడిగా ఉందనడానికీ లేదు, గ్యాలరీలోంచి వెనక్కి కొంత ఆయిల్ పంపులోకి జారే ఉంటుంది.
మిగిలింది పంపు వెనక వైపు. ఛాంబర్ నుంచి ఆయిల్ పీల్చే సక్షన్ పైపు, దాని జాయింటు, స్ట్రెయినర్ (జల్లెడ). లేదా పంపు అసలు తిరగకపోవడం.

ఉండి జనరేటర్
నా ఓటు సక్షన్ జాయింటుకి. పగిలిన స్ట్రాతో కొబ్బరి బొండం తాగితే నోట్లోకి గాలే వస్తుంది. పంపుకీ అంతే, ఆయిల్ కన్నా గాలి తేలిగ్గా వస్తుంది.
దింపకుండానే తేల్చుకోవచ్చు. డిప్‌స్టిక్ గీతని పట్టించుకోకుండా ఇంకో మూడు లీటర్లు ఆయిల్ పొయ్యండి. లెవెల్ పెరిగి ఆ జాయింటు ఆయిల్లో మునిగితే గాలి పీల్చలేదు. ఇంజెక్టర్లు తీసే ఉంచి సెల్ఫ్ కొట్టండి. ప్రెషర్ వస్తే దొంగ దొరికినట్టే. ఆ ఎక్కువ ఆయిల్‌తో మాత్రం పొరపాటున కూడా స్టార్ట్ చెయ్యకండి, క్రాంకు చిలికి నురగ చేస్తుంది.

పెద్ద మేస్త్రి
ఈ చిట్కా మా గురువు గారు చేసేవారు. నేను చెప్దామనుకుంటూనే ఉన్నాను.

కొబ్బరితోట
వచ్చింది! వచ్చిందండీ! మూడు లీటర్లు పోసి కొడితే కొంచెం సేపటికే ముల్లు ఊగి రెండు కేజీల దగ్గరికెళ్ళింది. మా నాన్నగారు కూడా షెడ్డులోకొచ్చి చూశారు.

పడవ సరంగు
శుభం. ఇక ఛాంబర్ దింపండి మేస్త్రి గారి కోరిక ప్రకారం. ఇరుసు కింద, గేరుబాక్సు కింద దిమ్మలు పెట్టండి, జాకీని నమ్మి కింద దూరకండి. సక్షన్ పైపు ఫ్లాంజి చదునుగా ఉందో లేదో గాజు పలక మీద పెట్టి చూడండి. ప్యాకింగ్ కొత్తది, కొలతకి తగ్గది వెయ్యండి. సిలికాన్ పేస్టు పిండకండి, లోపలికి ఉబ్బిన ముక్క తెగి స్ట్రెయినర్‌కి, పంపుకి పోతుంది. దింపారు కాబట్టి పంపు మూత విప్పి వాసెలిన్ పెట్టెయ్యండి.

కొబ్బరితోట
మీరన్నట్టే ఉంది. ఫ్లాంజికి రెండు బోల్టులుంటే ఒకటి చేత్తో తిప్పితే తిరిగింది. ప్యాకింగ్ కాగితం సగం చిరిగి లోపలికి మడతపడి ఉంది. వర్క్‌షాపు వాళ్ళకి ఫొటో పంపాను, ఇంకా జవాబు లేదు. కొత్త ప్యాకింగ్, స్ప్రింగ్ వాషర్లు వేశాం. పంపుకి వాసెలిన్ పెట్టాం. ఆయిల్ మ్యాక్స్ గీతకే పోసి సెల్ఫ్ కొడితే ప్రెషర్ వచ్చేసింది.
ఇప్పుడు స్టార్ట్ చెయ్యొచ్చా? మొదట ఎంత స్పీడులో ఉంచాలి? యూట్యూబ్‌లో ఇరవై నిమిషాలు 2000 ఆర్‌పీఎంలో ఉంచాలంటున్నారు.

పెద్ద మేస్త్రి
అది కూడా ఆ వీ8 వాళ్ళ మాటే, వాళ్ళ క్యామ్ షాఫ్టు బాధ వాళ్ళది. నీది ట్రాక్టరు. ఆయిల్ లెవెల్ మళ్ళీ చూసుకో, ఫిల్టరు తాగినంత తగ్గి ఉంటుంది. ఇంజెక్టర్లు బిగించి, డీజిల్ లైను ఎయిర్ తీసి స్టార్ట్ చెయ్. 1000, 1200 మధ్య ఉంచు. కళ్ళు గేజి మీదే ఉండాలి, చెయ్యి స్టాప్ మీద. పది సెకన్లలో ముల్లు లేవకపోతే ఆపెయ్. చల్లటి ఆయిల్‌కి ఎక్కువే చూపిస్తుంది, మురిసిపోకు. వేడెక్కాక ఫుల్ స్పీడులో 30 నుంచి 60 పీఎస్ఐ, అంటే సుమారు రెండు నుంచి నాలుగు కేజీలు ఉంటే సరి. వేడెక్కాక ఆపి, లీకులు చూసి, హెడ్ బోల్టులు, ట్యాపెట్లు మళ్ళీ సరిచూడు.

ఉండి జనరేటర్
షెడ్డులో గంటల తరబడి ఐడ్లింగ్‌లో వదిలెయ్యకండి. లోడు లేకపోతే రింగులు బోరుకి ఒదగవు, లైనర్ అద్దంలా నున్నబడిపోతుంది, ఆయిల్ తాగడం మళ్ళీ మొదలు. ఖాళీ ట్రక్కు (ట్రైలర్) తగిలించి గట్టు మీద తిప్పండి, తర్వాత తేలికపాటి దున్నకం. తిన్నగా దమ్ము చక్రాలు కట్టి బురదలోకి దింపొద్దు. 50 గంటలకి ఆయిల్, ఫిల్టరు రెండూ మార్చెయ్యండి.

కొబ్బరితోట
స్టార్టయిందండి. సెల్ఫ్ అందుకోగానే ముల్లు లేచింది. వేడెక్కాక ఫుల్ స్పీడులో మూడు కేజీలు, ఐడ్లింగ్‌లో ఒకటిన్నర. పొగ లేదు. రేపు ట్రక్కు తగిలిస్తాను. అందరికీ పేరుపేరునా థాంక్స్.
అన్నట్టు, ఎక్కువ పోసి తీసిన మూడు లీటర్ల ఆయిల్ మళ్ళీ వాడొచ్చా?

పడవ సరంగు
శుభ్రమైన డబ్బాలోకి తీసి ఉంటే లెవెల్ తగ్గినప్పుడు పోసుకోండి. బురద ట్రేలోకి తీసి ఉంటే గేటు బందులకి, గొలుసులకి రాసుకోండి.

బుల్లెట్ బాబీ
ఇప్పుడైనా నా బుల్లెట్ సంగతి చెప్తారా?

అడ్మిన్
బాబీ గారి ప్రశ్నని టూ వీలర్ విభాగంలోకి మార్చాం, అక్కడ చూడండి. బాబీ గారూ, ఇంజను ఏ సంవత్సరందో, పంపులు పాతవే ఉంచారో లేదో రాయండి. మేస్త్రి గారు అక్కడ కూడా ఉన్నారు.

పెద్ద మేస్త్రి
ఉన్నాను కానీ డ్రిల్ మాట ఎత్తితే వెళ్ళిపోతాను.